స్నాప్ క్యూబులతో లెక్కల పజిళ్ళు: ముందు ఆ బొడిపె సంగతి తేల్చుకోండి

ప్రశ్న ఇదీ: ఇంట్లో 100 స్నాప్ క్యూబుల (ఒకదానికొకటి బిగించే చిన్న ప్లాస్టిక్ క్యూబుల) డబ్బా ఉంది. పిల్లలకు 6, 9 ఏళ్ళు. టవర్లు కట్టి పడగొట్టడం తప్ప ఇంకేమీ సాగడం లేదు. సోమా క్యూబ్ (ఏడు ముక్కలతో 3×3×3 ఘనం కట్టే పజిల్) ముక్కలు చేసి ఇస్తే ఘనంలో సరిగ్గా కూర్చోలేదు, పిల్లలు విసిగి వదిలేశారు. ఏ పజిళ్ళు ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి?

సోమా ఎందుకు కుదరలేదో మొదట చెప్తాను. అది తేలితే మిగతా పజిళ్ళలో సగం వాటంతట అవే దారిన పడతాయి. తప్పు పిల్లలది కాదు, మీదీ కాదు.

ఆరు వైపులా బిగిసే మామూలు స్నాప్ క్యూబును చేతిలోకి తీసుకుని చూడండి. ఒక ముఖం మీద బొడిపె, మిగతా అయిదు ముఖాల మీద బెజ్జాలు. రెండు క్యూబులు అతకాలంటే ఒకదాని బొడిపె ఇంకోదాని బెజ్జంలోకి వెళ్ళాలి. అంటే ఒక్కో అతుకుకు ఒక్కో బొడిపె ఖర్చు. నాలుగు క్యూబుల ముక్కలో అతుకులు మూడు, బొడిపెలు నాలుగు. ఒకటి మిగిలిపోయి ఎటో ఒక వైపు పొడుచుకుని ఉంటుంది. సోమాలోని ఏడు ముక్కల్లోనూ ఇదే లెక్క, కాబట్టి ఏడు బొడిపెలు బయటే ఉంటాయి. ముక్కను పక్క నుంచి జరిపితే బొడిపె అడ్డం తగులుతుంది. రెండు ముక్కల బొడిపెలు ఎదురెదురు పడితే అసలు కూర్చోవు. సరైన ముక్కను సరైన చోటే పెట్టినా అది పట్టదు, తామే తప్పు చేశామని పిల్లలు అనుకుంటారు. చేత్తో చేసే పజిల్‌లో ఇంతకంటే చెడ్డ లోపం లేదు. ఈ పజిళ్ళ విలువంతా జవాబు సరైనదో కాదో పెద్దవాళ్ళు కాకుండా వస్తువే చెప్పడంలో ఉంది. ఆ వస్తువు అబద్ధం చెప్పకుండా చూడటం మన పని.

దీనికి మందు సులువే. డబ్బాలోంచి 11 క్యూబులు పక్కన పెట్టి, వాటి బొడిపెలను చిన్న నిప్పర్‌తో ముఖానికి సమంగా కోసేయండి. గరుకు మిగిలితే ఉప్పుకాగితం మీద నాలుగుసార్లు రుద్దండి. కోసేటప్పుడు తునకలు ఎగురుతాయి, పిల్లలు దూరంగా ఉండాలి. ఇవి ఇకపై "మొండి క్యూబులు". ప్రతి ముక్కకూ ఒక మొండి క్యూబు మొదలు. కొత్తగా చేరే ప్రతి క్యూబూ తన బొడిపెతోనే ముక్కకు అతకాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే ముక్క పూర్తయ్యేసరికి బయట ఒక్క బొడిపె కూడా ఉండదు. మొండి క్యూబును ముక్క చివర పెట్టుకుంటే సులువు, కోసిన ముఖం మాత్రం అతుకు రాని వైపుకు ఉండాలి. సోమాకు 7 మొండి క్యూబులు చాలు. అయిదు క్యూబుల చదును ముక్కలు పన్నెండింటికీ కలిపి 11 కావాలి, అందుకే ఆ సంఖ్య. పన్నెండో ముక్కకు ఎందుకు అక్కర్లేదో కింది పేరాలో తెలుస్తుంది.

2×2 పలక ఒక్కటీ మొండి క్యూబు లేకుండానే శుభ్రంగా వస్తుంది. నాలుగు క్యూబులు, నాలుగు అతుకులు, నాలుగు బొడిపెలు. రెండేసి క్యూబులను జంటలుగా బిగించండి. పై జంటలో మిగిలిన బొడిపె కుడి చివర కిందికి చూడాలి, కింది జంటలో మిగిలినది ఎడమ చివర పైకి చూడాలి. రెండు జంటలనూ ఎదురెదురుగా పట్టుకుని నొక్కితే రెండు బొడిపెలూ ఒకేసారి లోపలికి వెళ్తాయి. ఒక్కో క్యూబే అతికిస్తూ పోతే ఇది కుదరదు, చివరిది పట్టదు. అయిదు క్యూబుల్లో ఇంగ్లీషు పి ఆకారపు ముక్క అంటే ఈ పలకకు ఒక క్యూబు అదనం, అంతే. అందుకే దానికి మొండి క్యూబు అవసరం లేదు.

కోయడం ఇష్టం లేకపోతే చదును పజిళ్ళకు ఒక ఉపాయం ఉంది. మిగిలే బొడిపె ప్రతి ముక్కలోనూ పైకి, అంటే బల్లకు ఎదురు దిశలో ఉండేలా కట్టండి. ముక్కను తిరగేయాల్సి వచ్చినప్పుడు మాత్రం బొడిపె కిందికి వచ్చి ముక్క ఊగుతుంది, అప్పుడు ఆ ఒక్క క్యూబును ఊడదీసి బొడిపె పైకి వచ్చేలా మళ్ళీ బిగించాలి. ఘనాకార పజిళ్ళకు ఈ ఉపాయం పనికిరాదు.

మొదలుపెట్టే ముందు డబ్బా గురించి ఇంకో మూడు మాటలు. పది క్యూబులను వరుసగా బిగించి కొలవండి. 20 సెంటీమీటర్లు వస్తే 2 సెంటీమీటర్ల రకం, 19 వస్తే ముప్పావు అంగుళం రకం. గళ్ళ కాగితం గీసేముందు ఇది తెలియకపోతే పదో గడికి దాదాపు సెంటీమీటరు తేడా వచ్చేస్తుంది. రెండు రకాలనూ కలిపి వాడకండి. 100 క్యూబుల డబ్బాలు చాలావరకు 10 రంగులు, రంగుకు 10 చొప్పున వస్తాయి. పజిళ్ళలో ఒకే రంగు 12 లేదా 16 కావాల్సి రావడం మామూలే, కాబట్టి రంగు పేరుతో కాకుండా "ముదురు రంగులు, లేత రంగులు" అని రెండు గుంపులు చేసుకోండి. కింది నుంచి పైకి మాత్రమే అతికే కడ్డీ రకం క్యూబులైతే లెక్కించడానికి బాగుంటాయి గానీ ఇక్కడి పజిళ్ళు వాటితో సాగవు. ఇంట్లో మూడేళ్ళలోపు పిల్లలుంటే క్యూబులు వాళ్ళకు అందకూడదు, గొంతులో అడ్డం పడే పరిమాణం ఇది.

ఆరేళ్ళ వాళ్ళతో వీపు వీపు ఆట మొదలుపెట్టండి. ఇద్దరూ అటు తిరిగి ఒకరు, ఇటు తిరిగి ఒకరు కూర్చోవాలి. ఇద్దరి దగ్గరా అవే రంగుల అయిదు క్యూబులు. ఒకరు ఏదో ఆకారం కట్టి మాటలతో చెప్పాలి, రెండోవాళ్ళు చూడకుండా అదే కట్టాలి. చివర రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. దాదాపు ప్రతిసారీ "పక్కన" అనే మాట దగ్గరే దెబ్బతింటుంది. ఏ పక్కన? ఎవరి కుడి? ఆ గొడవ రానివ్వండి, మీరు సర్దిచెప్పకండి. "ఎర్రది నీ కడుపు వైపు, పచ్చది దాని నెత్తిన" లాంటి భాష వాళ్ళే తయారు చేసుకుంటారు. ఘనజ్యామితికి కావలసిన దిశల భాష అదే. మూడు క్యూబులతో మొదలుపెట్టి, వరుసగా రెండుసార్లు సరిపోతే ఒకటి పెంచండి.

తర్వాత టవర్లు. వాళ్ళకు టవర్లు ఇష్టమే కదా. మూడంతస్తుల టవరు, రెండు రంగులే వాడాలి, ఏ రెండు టవర్లూ ఒకేలా ఉండకూడదు: ఎన్ని వస్తాయి? జవాబు 8. దానికి 24 క్యూబులు, రంగుకు 12. పదే ఉన్నాయి కాబట్టి ముదురు, లేత గుంపులు ఇక్కడే అక్కరకొస్తాయి. ఇక్కడ బొడిపె మనకు మేలు చేస్తుంది: అది పైకి ఉన్నదే టవరు నెత్తి అని ముందే చెప్పేస్తే, తలకిందులు చేస్తే అదే టవరా కాదా అన్న వాదన రాదు. పిల్లలు సాధారణంగా అయిదారు కట్టి "అయిపోయాయి" అంటారు. "ఇంకా ఉన్నాయి" అనకండి. "అయిపోయాయని నీకెలా తెలుసు?" అనండి. అప్పుడే వాళ్ళు టవర్లను జతలుగా పేర్చడం మొదలుపెడతారు, ఒక టవరు పక్కన దాని రంగులు తారుమారైన టవరు. జత లేనిది దొరికితే తప్పిపోయినదేదో తెలిసిపోతుంది. నాలుగంతస్తులకు 16 టవర్లు, 64 క్యూబులు. అంతకు మించి ఈ డబ్బా చాలదు, చాలనక్కర్లేదు కూడా. అంతస్తు పెరిగినప్పుడల్లా రెట్టింపు ఎందుకవుతోందన్నదే అసలు ప్రశ్న. పాత టవర్లన్నింటి మీదా ఒకసారి ముదురు క్యూబు, ఒకసారి లేత క్యూబు పెట్టి చూపమంటే చాలు.

మొత్తం డబ్బాతో ఒక్క పజిలే చేయించాల్సి వస్తే నేను చేయించేది ఇదీ: నాలుగు క్యూబులను ముఖానికి ముఖం ఆనేలా అతికిస్తే ఎన్ని వేర్వేరు ఆకారాలు వస్తాయి? చేతిలో తిప్పి చూసినప్పుడు ఒకటే అయితే ఒకటిగానే లెక్క. ఆరేళ్ళ వాళ్ళూ తొమ్మిదేళ్ళ వాళ్ళూ కలిసి చేయగలరు.

జవాబు 8. చదునుగా పడుకునేవి అయిదు: నిలువు కడ్డీ, చదరం, ఎల్, టి, మెలిక. బల్ల మీద నుంచి లేచేవి మూడు: ఒక మూల దగ్గర మూడు కాళ్ళు కలిసినట్టుండే ముక్కాలి, వంపు తిరిగిన మూడు క్యూబుల మీద ఒక చివర నాలుగోది లేచే ఎడమ మర, కుడి మర. పిల్లలకు మొదట పది పన్నెండు వస్తాయి. అందుకు కారణాలు రెండు. ఒకే ఆకారాన్ని పడుకోబెట్టి ఒకటి, నిలబెట్టి ఒకటి లెక్కిస్తారు. రెండోది, మొండి క్యూబు వాడకపోతే బొడిపె వేర్వేరు చోట్ల ఉండటం చూసి వేరే ఆకారం అనుకుంటారు. రెండో పొరపాటు వాళ్ళది కాదు కాబట్టి అది రాకుండా ముందే చూసుకోవాలి. మొదటిది మాత్రం వాళ్ళే కనిపెట్టాలి.

మరల దగ్గర వాదన తప్పదు. ఆ రెండూ ఒకటేనని ఒకరు, కాదని ఒకరు. రెండింటినీ వేర్వేరు రంగుల్లో కట్టించి, ఒకదాన్ని రెండోదాని మీద సరిగ్గా అచ్చుగుద్దినట్టు వచ్చేలా తిప్పమనండి. ఎంత తిప్పినా రాదు. అప్పుడు చిన్న అద్దం తెచ్చి ఒకదాని పక్కన నిలబెట్టండి. అద్దంలో కనిపించేది రెండో మరే. ఎడమ చెప్పు, కుడి చెప్పు అన్న మాట పిల్లలే అంటారు. మిగతా ఆరింటినీ అద్దం ముందు పెట్టి చూడమనండి, ఒక్కోదాన్ని తిప్పితే అద్దంలోదానిలాగే వస్తుంది.

ఎనిమిదికి మించి లేవని తేల్చే దారి కూడా పిల్లల చేతికి అందేదే. మూడు క్యూబులతో వచ్చే ఆకారాలు రెండే: కడ్డీ, మూల. ప్రతి నాలుగు క్యూబుల ఆకారమూ వీటిలో ఒకదానికి ఒక క్యూబు కలిపితే రావాల్సిందే. కడ్డీకి కలిపితే పొడవు కడ్డీ, ఎల్, టి మాత్రమే వస్తాయి. మూలకు దాని పొరలోనే కలిపితే చదరం, ఎల్, టి, మెలిక వస్తాయి. మూల మీద పైకి కలిపితే వంపు దగ్గర ముక్కాలి, ఒక చివర ఒక మర, రెండో చివర రెండో మర. కిందికి కలిపినా అవే మళ్ళీ. లెక్క ముగిసింది. తొమ్మిదేళ్ళ పిల్లలు చేసే మొదటి నిజమైన నిరూపణ ఇదే కావచ్చు, తొందరపెట్టకండి.

ఈ ఎనిమిది ముక్కలకు 32 క్యూబులు, ముక్కకో రంగు. వీటితో 2×4×4 పెట్టె నిండుతుంది. ఆ కొలతకు అట్టపెట్టె చేసి ఇస్తే ముక్కలు చెదరవు, కొలతకు మూడు మిల్లీమీటర్లు అదనంగా వదలండి. అయిదు క్యూబులతో ఎన్నని అడుగుతారు: 29, అందులో చదునువి 12. అన్నీ కట్టాలంటే 145 క్యూబులు కావాలి, కాబట్టి చదునువి పన్నెండే కట్టించండి. 60 క్యూబులతో 6×10 దీర్ఘచతురస్రం నింపడానికి 2339 దారులున్నాయి, 3×20కి రెండే రెండు. మొదటిసారి 6×10 ఇవ్వండి. 3×20 ఇచ్చి పిల్లలను ఏడిపించకండి.

ఆ ఎనిమిదిలోంచి నిలువు కడ్డీ, చదరం తీసేసి, మూడు క్యూబుల మూలను కలిపితే సోమా ముక్కలు ఏడూ వచ్చేసినట్టే. క్యూబుల లెక్క 3, ఆపైన ఆరు నాలుగులు, మొత్తం 27. డెన్మార్క్‌కు చెందిన పీట్ హైన్ 1933లో ఈ ఏడింటిని ఎంచిన కారణం చక్కగా ఉంటుంది: నాలుగు క్యూబుల వరకు, ఎక్కడో లోపలికి ఒక వంపు ఉన్న ఆకారాలన్నీ ఇవే, అవన్నీ కలిస్తే సరిగ్గా 3×3×3 ఘనం. తిప్పినవీ అద్దపు రూపాలూ వదిలేస్తే 240 దారుల్లో కుదురుతుంది. అన్ని దారులున్నా మొదటిది దొరకడం కష్టమే. పిల్లలు చేసే పొరపాటు దాదాపు ఒకటే, సులువైన ఎల్‌నూ మూలనూ ముందు పెట్టేసి మరలనూ ముక్కాలినీ చివరికి మిగుల్చుకుంటారు. వాటికి మూడు దిశల్లోనూ చోటు కావాలి, చివర్లో ఆ చోటు మిగలదు. మూడు వంకర ముక్కలనూ ముందు పెట్టమనండి, మూడు క్యూబుల మూలను చివరికి దాచుకోమనండి.

టి ముక్క గురించి ఒక సూచన ఉంది, అది సూచన కంటే ఎక్కువ. ఘనానికి మూలలు 8. ఎల్ మహా అయితే రెండు మూలలు నింపగలదు. మూడు క్యూబుల మూల, మెలిక, రెండు మరలు, ముక్కాలి ఒక్కోటి మాత్రమే. ఇవన్నీ కలిపి 7. ఎనిమిదోది ఎక్కణ్ణుంచి? టి నుంచే రావాలి. కానీ టి ఎప్పుడూ రెండు మూలలైనా నింపుతుంది, లేదా ఒక్కటీ నింపదు. ముక్కను ఘనంలో తిప్పి చూస్తే ఇది కంటికే కనిపిస్తుంది. కాబట్టి టి అడ్డకడ్డీ ఎప్పుడూ ఘనం అంచు మీదే ఉండాలి. 240 దారుల్లో ఒక్కదానిలోనూ వేరే చోట ఉండదు. దీన్ని ముందే చెప్పేయకండి. రెండు రోజులు ఊరికే ప్రయత్నించాక "మూలలెన్ని? ఏ ముక్క ఎన్ని మూలలు నింపగలదు?" అని పట్టిక గీయించండి.

సోమా మరీ కష్టమనిపిస్తే దానికంటే ముందు ఇది చేయించవచ్చు. 1×2×2 పలకలు ఆరు, విడి క్యూబులు మూడు, వీటితో 3×3×3 ఘనం కట్టాలి. డచ్ వాస్తుశిల్పులు స్లోటౌబర్, గ్రాట్స్మాల పేరుతో పిలిచే పజిల్ ఇది. ముక్కలు చూస్తే పసిపిల్లల ఆటలా ఉంటుంది, కానీ తిప్పడాలూ ప్రతిబింబాలూ వదిలేస్తే జవాబు ఒక్కటే. పలకలకు బయటి బొడిపెలు ఉండవని పైన చూశాం, విడి క్యూబులు మూడింటికీ మొండివి పెట్టండి. దాదాపు అందరూ విడి క్యూబులను చివర్లో పెట్టే చిల్లరగా చూస్తారు, అక్కడే ఇరుక్కుంటారు. దారి ఇదీ: ఏ పొర తీసుకున్నా అందులో 9 గళ్ళు, బేసి. ఒక పలక ఆ పొరలో 0, 2 లేదా 4 గళ్ళే ఆక్రమిస్తుంది, ఎప్పుడూ సరి. కాబట్టి ప్రతి పొరలోనూ, మూడు దిశల్లో ఎటు కోసినా, ఒక్కో విడి క్యూబు ఉండి తీరాలి. విడి క్యూబులను ఒక మూల, నట్టనడుమ, ఎదుటి మూలలో వికర్ణంగా పెట్టి పలకలు పేర్చడం మొదలుపెడితే పది నిమిషాల్లో కూర్చుంటుంది. సరి, బేసి అన్న రెండు మాటలు ఇంత పని చేస్తాయని పిల్లలకు మాటల్లో చెప్తే నమ్మరు, చేతిలో చూస్తే మరిచిపోరు.

అదే తోవలో ఇంకొకటి: నాలుగు క్యూబుల చదును ముక్కలు అయిదింటితో, అంటే 20 క్యూబులతో, 4×5 దీర్ఘచతురస్రం నింపగలమా? ఇది కుదరదు. అందుకే ఇచ్చేటప్పుడు "కుదరవచ్చు, కుదరకపోవచ్చు, ఏదో తేల్చండి" అని చెప్పి ఇవ్వాలి. కుదురుతుందని చెప్పి ఇస్తే అది మోసం, ఆ తర్వాత మీరిచ్చే పజిళ్ళను పిల్లలు నమ్మరు. ఒక పావుగంట తంటాలు పడ్డాక ముక్కలను చదరంగం గళ్ళలా ముదురు, లేత రంగులతో మళ్ళీ కట్టించండి. కడ్డీ, చదరం, ఎల్, మెలిక, అన్నింటిలోనూ రెండు ముదురు, రెండు లేత. టిలో మాత్రం మూడు, ఒకటి. మొత్తం 11, 9 అవుతుంది. 4×5 చదరంగం గళ్ళలో 10, 10 ఉంటాయి. అంతే. రెండు జతల ముక్కలు తీసుకుంటే 5×8, 4×10 రెండూ నిండుతాయి. అప్పుడు ఒక టికి మూడు ముదురు, రెండో టికి మూడు లేత ఉండేలా కట్టండి, లేకపోతే గళ్ళు కలవవు.

తొమ్మిదేళ్ళ వాళ్ళకు భవనాలూ వాటి రూపాలూ. కాగితం మీద 2×3 గళ్ళు గీసి గడికి ఎంత ఎత్తో అంకె రాయండి. వెనక వరుస 1, 3, 2. ముందు వరుస 2, 1, 1. మొత్తం 10 క్యూబులు. కట్టాక కళ్ళు బల్ల ఎత్తుకు దించి, ఒక కన్ను మూసి ముందు నుంచి చూడమనండి: 2, 3, 2 ఎత్తులు కనిపిస్తాయి. పక్క నుంచి చూస్తే ముందు వరుస 2, వెనక వరుస 3. రెండు కళ్ళూ తెరిచి పై నుంచి వంగి చూస్తే లోతు కనిపించి లెక్క తప్పుతుంది, అందుకే బల్ల ఎత్తు ముఖ్యం. ఇప్పుడు అసలు ప్రశ్న: ఆరు గళ్ళూ నిండి ఉండి, ఈ రెండు రూపాలూ మారకుండా, ఎన్ని క్యూబులు ఎక్కువ పెట్టవచ్చు? ఎన్ని తక్కువతో సరిపెట్టవచ్చు? ఎక్కువ 13: ప్రతి గడిలోనూ దాని వరుస ఎత్తు, నిలువు ఎత్తు రెండింటిలో చిన్నది పెడితే చాలు. తక్కువ 10, కానీ పదితో మూడు వేర్వేరు భవనాలు కుదురుతాయి. మూడూ దొరికేదాకా ఆపకండి.

కట్టినదాన్ని బొమ్మ గీయించాలనుకుంటే త్రిభుజాకారంగా చుక్కలున్న కాగితం కావాలి. చుక్కలు నిలువు వరుసల్లో ఉండేలా పట్టుకోవాలి. కాగితం అడ్డంగా తిరిగితే నిలువు అంచు గీయడానికి చుక్కలే ఉండవు, పిల్లలు తమకు బొమ్మలు రావని అనుకుంటారు. క్యూబు మూల తమ వైపు ఉండేలా కూర్చుని, అన్నింటికంటే దగ్గరి క్యూబు పై ముఖంతో మొదలుపెట్టాలి.

రంగు వేసిన ఘనం చాలామందికి తెలిసిన పజిలే: 3×3×3 ఘనం బయటంతా రంగు పూసి విడదీస్తే, మూడు ముఖాలకు రంగున్నవి ఎన్ని, రెండుకు, ఒకదానికి, అసలు లేనివి ఎన్ని? 8, 12, 6, 1. రంగు పూయకుండా రంగుల క్యూబులతోనే కట్టండి, మూలలకు ఒక రంగు, అంచులకు ఒకటి, నడిమి ముఖాలకు ఒకటి, లోపలిది ఒకటి. అంచులకు 12 కావాలి, రంగుకు పదే ఉంటాయి కాబట్టి రెండు రంగులు కేటాయించండి. పొరలు చదునుగా పేరాలంటే బొడిపెలన్నీ పొర లోపలే ఉండాలి: మూడు క్యూబుల కడ్డీలు మూడు కట్టి, మొదటి రెండింటిలో మిగిలే బొడిపెను తర్వాతి కడ్డీ వైపు, మూడోదాన్ని తిరగేసి దాని బొడిపెను రెండోదాని వైపు పెట్టి నొక్కండి. పొరను మూతలా ఎత్తితే లోపలి క్యూబు కనిపిస్తుంది. 4×4×4కు జవాబు 8, 24, 24, 8. మొత్తం 64 కట్టనక్కర్లేదు, పై పొర ఒకటి, నడిమి పొర ఒకటి కట్టి రెట్టింపు చేస్తే సరి.

ఆ 3×3×3 ఇంకా చేతిలో ఉండగానే అడగండి: ఒక మూల క్యూబు తీసేస్తే బయటికి కనిపించే ముఖాలు తగ్గుతాయా? ముందు 54. మూల తీసినా 54, ఎందుకంటే మూడు పోయి మూడు వచ్చాయి. అంచు మధ్య క్యూబు తీస్తే 56. ముఖం నడిమి క్యూబు తీస్తే 58. తీసేస్తే తగ్గాలి అని పెద్దవాళ్ళూ తప్పు చెప్తారు. ఘనపరిమాణం, ఉపరితల వైశాల్యం వేర్వేరని అప్పుడు మళ్ళీ వివరించాల్సిన పని ఉండదు. దీనికి జత, 24 క్యూబులతో ఎన్ని రకాల పెట్టెలు? ఆరు. పొడవాటి 1×1×24కు ఉపరితలం 98, దాదాపు ఘనంలా ఉండే 2×3×4కు 52.

పెద్ద పిల్లలకు, మొత్తం డబ్బా ఖాళీ చేసే పజిల్ ఒకటుంది. 1, 2, 3, 4 భుజాల ఘనాలు నాలుగూ కట్టండి: 1, 8, 27, 64, మొత్తం సరిగ్గా 100. వాటిని పలకలుగా విడదీసి 10×10 చదరంగా పరచమనండి. 1 ఒక మూలలో. 2 ఘనం రెండు పలకలుగా విడిపోయి, ఒకటి ఎదుటి మూలకు, రెండోది సగానికి విరిగి రెండు పక్కలకు. 3 ఘనం మూడు పలకలుగా చుట్టూ చక్కగా సరిపోతుంది. 4 ఘనం నాలుగు పలకల్లో మళ్ళీ ఒకటి సగానికి విరగాలి. సరి భుజం వచ్చినప్పుడే ఎందుకు విరగాలో అడిగి ఊరుకోండి.

సాయం ఎంత చేయాలన్నది అందరికీ ఎదురయ్యే చిక్కు. ముక్కను ఎక్కడ పెట్టాలో చూపిస్తే పజిల్ అక్కడితో చచ్చిపోతుంది. "ఇరుకైన చోటు ఏది? అందులో ఏ ముక్క పడుతుంది?" అన్నంతవరకే సాయం. ఒక కూర్పులో ఇరవై నిమిషాలు దాటితే ఆపి, ముక్కలు చెదరకుండా ఒక పళ్ళెంలో అలాగే ఉంచండి. మర్నాడు మళ్ళీ చూడగానే దొరికేవి ఎక్కువ. ఊడదీసేటప్పుడు మెలిపెట్టి తిప్పనివ్వకండి, బెజ్జాల అంచులు సాగి క్యూబులు వదులవుతాయి. కొంచెం పక్కకు వంచితే టక్కున వస్తాయి. వదులైనవి పారేయకండి. తర్వాత మొండి క్యూబులు కావలసినప్పుడు ముందు వాటినే వాడండి, ముక్క చివరన ఉంటాయి కాబట్టి ఒక్క అతుకే మోస్తాయి.